కలుపు యంత్రం ఇంజను ఐడ్లింగ్‌లో ఆగిపోవడం: తక్కువ ఖర్చుతో కారణ నిర్ధారణ

పత్తి, మొక్కజొన్న, కూరగాయలు, పండ్ల తోటలలో అంతరకృషికి వాడే చిన్న పవర్ వీడర్లలో చాలావరకు ఒకే సిలిండరు గల, గాలితో చల్లబడే పెట్రోలు ఇంజన్లతో నడుస్తాయి. వీటి విషయంలో రైతుల నుంచి తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటి ఉంది. తాడు లాగితే ఇంజను స్టార్టు అవుతుంది. ఎక్సలరేటరు ఇచ్చినంతసేపు నడుస్తుంది. సాలు చివర మలుపు తిప్పడానికి ఎక్సలరేటరు వదలగానే ఆగిపోతుంది. “స్లోలో నిలవడం లేదు” అన్నది రైతు మాట. పని జరుగుతూనే ఉంటుంది గనుక దీనిని చిన్న లోపంగా భావించి నెట్టుకొస్తారు. ఎకరానికి ఎన్ని సాళ్లు ఉంటే అన్నిసార్లు తాడు లాగవలసి వచ్చినప్పుడు గాని అది ఎంత పెద్ద లోపమో తెలియదు.

సస్య విజ్ఞానపరంగా చూస్తే ఇక్కడ నష్టపోయేది కాలం. మొక్కజొన్నలో విత్తిన తర్వాత సుమారు 15 నుంచి 45 రోజుల వరకు, పత్తిలో తొలి 60 రోజుల వరకు కలుపు పోటీకి కీలక దశ. వానాకాలంలో ఆ గడువులో నేల తగిన పదునులో ఉండి యంత్రం దిగడానికి వీలయ్యే రోజులు కొన్నే దొరుకుతాయి. ఆ రోజులలో యంత్రం మరమ్మతు షాపులో ఉంటే, అది తిరిగి వచ్చేసరికి మరో వాన పడి కలుపు వేళ్లూనుకుంటుంది.

రెండవ నష్టం భద్రతకు సంబంధించినది. ఇంజను ఐడ్లింగ్‌లో ఆగిపోతుంటే చాలామంది చేసే మొదటి పని కార్బ్యురేటరుపై ఉన్న ఐడ్లింగ్ స్క్రూను బిగించి వేగం పెంచడం. ఇంజను ఆగడం మానుతుంది. లోపం మాత్రం అలాగే ఉంటుంది. బ్రష్ కట్టర్లలోను, వాటికి తగిలించే వీడర్ అటాచ్‌మెంట్లలోను, కొన్ని చిన్న వీడర్లలోను అపకేంద్ర క్లచ్ ఉంటుంది. ఇంజను వేగం ఒక హద్దు దాటితే ఆ క్లచ్ దానంతట అదే పట్టుకుంటుంది. ఐడ్లింగ్ వేగాన్ని ఆ హద్దు దాకా పెంచితే, ఎక్సలరేటరు పూర్తిగా వదిలిన తర్వాత కూడా బ్లేడ్లు తిరుగుతూనే ఉంటాయి. బ్లేడ్లకు చుట్టుకున్న తుంగను తీయడానికి వంగిన మనిషికి ఆ సంగతి ముందుగా తెలియదు. అందుచేత ఐడ్లింగ్ స్క్రూను ముట్టుకోకుండా అసలు కారణాన్ని కనుగొనడం విస్తరణ శాస్త్రవేత్త రైతుకు నేర్పవలసిన మొదటి పాఠం.

ఐడ్లింగ్‌లోనే ఎందుకు ఆగుతుంది?

కార్బ్యురేటరులో ఇంధనం రెండు దారుల గుండా వస్తుంది. ఎక్సలరేటరు ఇచ్చినప్పుడు థ్రాటిల్ పలక తెరుచుకుంటుంది, గాలి వేగంగా ప్రవహిస్తుంది, ఆ ప్రవాహం మెయిన్ జెట్ నుంచి పెట్రోలును పీల్చుకుంటుంది. ఎక్సలరేటరు వదిలినప్పుడు పలక దాదాపుగా మూసుకుంటుంది. అప్పుడు మెయిన్ జెట్ వద్ద గాలి వేగం చాలదు. పలకకు ఇంజను వైపున మాత్రం పీల్పు అత్యధికంగా ఉంటుంది. ఆ పీల్పుకు తెరుచుకుని ఉండే సన్నని రంధ్రం గుండా పైలట్ జెట్ ద్వారా కొద్దిపాటి పెట్రోలు అందుతుంది. ఈ తరగతి ఇంజన్లలో పైలట్ జెట్ రంధ్రం మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. మెయిన్ జెట్‌లో గుర్తింపునకు రాని మురికి పైలట్ జెట్‌ను పూర్తిగా మూసివేయగలదు. అందుకే ఎక్సలరేటరుపై చక్కగా నడిచే ఇంజను ఐడ్లింగ్‌లో నిలవలేకపోవచ్చు.

బయటి గాలి చొరబాటు విషయంలోనూ ఇదే తర్కం వర్తిస్తుంది. ఉదాహరణకు ఐడ్లింగ్‌లో ఇంజను 40 పాళ్ల గాలిని, పూర్తి ఎక్సలరేటరుపై 400 పాళ్ల గాలిని పీల్చుకుంటుందని అనుకుందాం. చిట్లిన గాస్కెట్ గుండా 4 పాళ్ల గాలి దొంగదారిలో వస్తే, మొదటి స్థితిలో అది పదోవంతు, రెండవ స్థితిలో నూరోవంతు. మొదటిది మిశ్రమాన్ని పలుచన చేసి ఇంజనును ఆపివేస్తుంది, రెండవది ఎవరికీ తెలియదు.

సంపీడనం తగ్గిన ఇంజనుదీ ఇదే కథ. నిమిషానికి 1,400 చుట్లు తిరిగేటప్పుడు ఒక సంపీడన ఘాతానికి సుమారు 21 మిల్లీసెకన్లు పడుతుంది. 3,600 చుట్ల వద్ద సుమారు 8 మిల్లీసెకన్లే పడుతుంది. సరిగా మూసుకోని వాల్వు గుండా వాయువు జారిపోవడానికి ఐడ్లింగ్‌లో రెండున్నర రెట్ల వ్యవధి దొరుకుతుంది. ఇంజనులోని చిన్న లోపాలన్నీ మొట్టమొదట ఐడ్లింగ్‌లోనే బయటపడటానికి ఇవే కారణాలు. వైద్యుడికి నాడి ఎలాంటిదో చిన్న ఇంజనుకు ఐడ్లింగ్ అలాంటిది. స్క్రూ బిగించి దానిని మరుగుపరిస్తే రోగ నిర్ధారణకు ఆధారం పోతుంది.

ఖర్చు లేని పరీక్షలు

పానా చేతిలోకి తీసుకునే ముందు రైతును అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. యంత్రం ఎన్ని నెలలుగా వాడకుండా ఉంది? పెట్రోలు ఎప్పుడు పోశారు, ఏ డబ్బాలో తెచ్చారు? చల్లగా ఉన్నప్పుడు ఆగుతోందా, వేడెక్కిన తర్వాతా? సమతలంపై కూడా ఆగుతోందా, గట్టు ఎక్కించేటప్పుడు మాత్రమేనా? ఈ మధ్య ఎవరైనా విప్పారా? చివరి ప్రశ్నకు నిజమైన జవాబు రావడానికి కొంత ఓపిక కావాలి. కాని సగం నిర్ధారణ ఈ జవాబులలోనే ఉంటుంది. గట్టు మీద వాలినప్పుడు మాత్రమే ఆగే నాలుగు ఘాతాల ఇంజనులో మొదట చూడవలసింది ఇంజన్ ఆయిల్ మట్టం. కొన్ని మోడళ్లలో ఆయిల్ తగ్గితే స్పార్కును నిలిపివేసే సెన్సారు ఉంటుంది. ఆయిల్ కొంచెం తక్కువై యంత్రం వాలినప్పుడు అది తన పని తాను చేస్తుంది. ఆ విషయం తెలియక కార్బ్యురేటరును మార్చిన సందర్భాలు అరుదు కావు.

ఆ తర్వాత చోక్ పరీక్ష. ఇంజను వేడెక్కిన తర్వాత చోక్‌ను సగం మూసి ఎక్సలరేటరు వదలాలి. చోక్ సగం మూసినప్పుడు నిలిచి, తెరవగానే ఆగిపోతే మిశ్రమం పలుచగా ఉందని అర్థం. అంటే పెట్రోలు తక్కువగా అందుతోంది, లేదా గాలి అదనంగా చొరబడుతోంది. వేగం పెరుగుతూ తగ్గుతూ ఇంజను ఊగుతున్నట్లు నడవడం కూడా ఈ కోవలోని లక్షణమే. చోక్ మూయగానే మరింత త్వరగా ఆగి, పొగ గొట్టం నుంచి నల్లని పొగ వస్తే మిశ్రమం చిక్కగా ఉంది. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు, ఫ్లోటు గిన్నెలో పెట్రోలు మట్టం మించి ఉండవచ్చు. చోక్‌తో ఏ మార్పూ లేకపోతే దృష్టిని స్పార్కు, సంపీడనాల వైపు మళ్లించాలి. పైసా ఖర్చు లేని ఈ ఒక్క పరీక్ష అనుమానించవలసిన భాగాల సంఖ్యను ఎంతగానో తగ్గిస్తుంది. దీనిని చేయకుండా విడి భాగాలు కొనడం మట్టి పరీక్ష లేకుండా ఎరువులు వేయడం వంటిదే.

పది పదిహేను నిమిషాలు బాగా నడిచి ఆ తర్వాత ఆగిపోయే ఇంజనులో పెట్రోలు ట్యాంకు మూతను వదులు చేసి చూడాలి. మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోతే ట్యాంకులో పీడనం తగ్గి పెట్రోలు దిగదు. మూత వదులు చేయగానే నడిస్తే రంధ్రాన్ని శుభ్రపరచడమే చికిత్స.

ఎయిర్ ఫిల్టరు స్పాంజిని సబ్బు నీటితో ఉతికి, పిండి, నీడన పూర్తిగా ఆరబెట్టి, కొన్ని చుక్కల ఇంజన్ ఆయిల్ పట్టించి తిరిగి అమర్చాలి. ఇది నురుగు స్పాంజికే వర్తిస్తుంది, కాగితపు ఫిల్టరును తడపరాదు. ఫిల్టరు లేకుండా ఇంజను బాగా నడుస్తోందని దానిని తీసి పక్కన పడేసిన యంత్రాలు ఊరికొకటి కనిపిస్తాయి. దుక్కి దుమ్ములో అలా నడిపితే పిస్టన్ రింగులు త్వరగా అరిగి, వందల్లో తీరవలసిన ఖర్చు వేలల్లోకి చేరుతుంది.

పెట్రోలును చూడటం

నెలల తరబడి నిలిపి ఉంచిన యంత్రంలో మొదటి అనుమానం పెట్రోలు మీదే ఉండాలి. ఇంజను చల్లబడ్డాక పెట్రోలు కాక్ మూసి, ఫ్లోటు గిన్నె అడుగున ఉన్న స్క్రూను వదులు చేసి, ఆ పెట్రోలును తెల్లటి గాజు సీసాలో పట్టి వెలుతురులో చూడాలి. అడుగున వేరే పొర, బుడగల్లా జారే నీటి చుక్కలు, తుప్పు నలుసులు, జిగురు కనిపిస్తే సగం కారణం దొరికినట్లే.

ఇక్కడ ఇథనాల్ ప్రస్తావన తప్పదు. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ సగటు మిశ్రమం 2022 జూన్ నాటికి 10 శాతానికి, 2025 నాటికి 20 శాతానికి చేరింది. వ్యవసాయ యంత్రాల చిన్న ఇంజన్లపై దీని ప్రభావం రెండు విధాలుగా ఉంటుంది. మొదటిది మిశ్రమ నిష్పత్తి. ఒక పాలు పెట్రోలు పూర్తిగా దహనం చెందడానికి బరువు ప్రకారం సుమారు 14.7 పాళ్ల గాలి అవసరం. ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. 20 శాతం మిశ్రమానికి లెక్క కడితే సుమారు 13.5 వస్తుంది. కార్లలో సెన్సార్లు ఈ తేడాను గ్రహించి ఇంధనాన్ని సర్దుతాయి. వీడరు కార్బ్యురేటరులోని జెట్ రంధ్రానికి ఆ తెలివి లేదు. శుద్ధ పెట్రోలుకు అమర్చిన జెట్‌తో ఈ ఇంధనాన్ని వాడితే మిశ్రమం సుమారు 8 శాతం పలుచన అవుతుంది. శుభ్రంగా ఉన్న ఇంజను దీనిని తట్టుకుంటుంది. పైలట్ జెట్ కొంచెం మూసుకున్న ఇంజను తట్టుకోలేదు. అందుచేత ఇథనాల్‌ను ఏకైక దోషిగా చూడటం కన్నా, అంతకు ముందే ఉన్న లోపాన్ని బయటపెట్టే అంశంగా చూడటం సబబు. పాత యంత్రాలలోని రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్‌లు ఇథనాల్ తగిలి ఉబ్బడం, మెత్తబడటం మాత్రం వేరే సమస్య, వాటిని మార్చవలసిందే.

రెండవది నీరు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఒక పరిమితిని దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. కార్బ్యురేటరుకు వెళ్లే గొట్టం ట్యాంకు అడుగునే ఉంటుంది. అలా విడిపోయిన పెట్రోలుపై కొత్త పెట్రోలు పోస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. మొత్తం తీసివేసి ట్యాంకును తుడవాలి. విద్యార్థులకు ఈ విభజనను ప్రయోగశాలలో సులభంగా చూపవచ్చు. కొలజాడీలో 90 మి.లీ. పెట్రోలు, 10 మి.లీ. నీరు పోసి, మూత పెట్టి కుదిపి నిలకడగా ఉంచితే, ఇథనాల్ లేని పెట్రోలులో కింది పొర 10 మి.లీ. దగ్గరే ఉంటుంది. 20 శాతం ఇథనాల్ గల పెట్రోలులో అది 20 మి.లీ. పైకి పెరుగుతుంది. పెరిగినదంతా పెట్రోలు నుంచి నీటిలోకి దిగిన ఇథనాలే. చుట్టుపక్కల మంట, స్విచ్చు, సెల్‌ఫోన్ లేకుండా గాలి ఆడే చోట దీనిని చేయాలి.

కార్బ్యురేటరు, గాస్కెట్

చోక్ పరీక్షలో మిశ్రమం పలుచన అని తేలి, పెట్రోలు శుభ్రంగా ఉంటే పైలట్ జెట్‌ను శుభ్రపరచాలి. కార్బ్యురేటరును మొత్తంగా విప్పనవసరం లేదు. చాలా మోడళ్లలో గిన్నె బోల్టును, పైలట్ జెట్‌ను మాత్రమే తీస్తే చాలు. జెట్‌ను కాసేపు కార్బ్యురేటరు క్లీనరులో నానబెట్టి, విద్యుత్ తీగలోని ఒకే ఒక రాగి పోగును రంధ్రంలో దూర్చి తీసి, పంక్చరు షాపులో గాలి కొట్టించాలి. పిన్నీసు, సూది, గట్టి ఇనుప తీగ వాడరాదు. జెట్ మెత్తని ఇత్తడితో చేసినది కావచ్చు. రంధ్రం ఏ కొంచెం పెద్దదైనా మిశ్రమం శాశ్వతంగా చిక్కబడుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే గుండ్రని వెలుగు చుక్క కనిపించాలి. గిన్నె అడుగున చెత్త పేరుకుని ఉంటే దానిని కడగడంతో పాటు ట్యాంకు జల్లెడను కూడా శుభ్రపరచాలి, లేకుంటే వారంలో అదే లోపం తిరిగి వస్తుంది.

జెట్ శుభ్రంగా ఉన్నా ఫలితం లేకపోతే గాలి చొరబాటును వెతకాలి. ఇందుకు నీళ్ల స్ప్రే సీసా చాలు. ఇంజనును చోక్‌పై నడుపుతూ, కార్బ్యురేటరుకు, సిలిండరు హెడ్‌కు మధ్యనున్న గాస్కెట్ల అంచున సన్నగా నీరు చల్లాలి. నీరు ఆ చీలికను క్షణకాలం మూసివేస్తుంది. ఇంజను ధ్వని మారితే లోపం అక్కడే ఉంది. స్పార్క్ ప్లగ్‌పై, ఎయిర్ ఫిల్టరుపై నీరు పడకుండా చూడాలి. మెకానిక్కులు కొందరు ఇదే పరీక్షను పెట్రోలు లేదా క్లీనరు స్ప్రేతో చేస్తారు. వేడి మఫ్లరు పక్కనే ఉన్న చిన్న ఇంజనులో అది చేయదగినది కాదు. బోల్టులు వదులై ఉండటమే కారణమైతే బిగించడంతో సరిపోతుంది.

ప్లగ్, వాల్వులు

స్పార్క్ ప్లగ్ ఇంజను ఆరోగ్య పత్రం. లేత ఇటుక రంగు ఉంటే దహనం సక్రమం. పొడి నల్లని మసి చిక్కని మిశ్రమానికి, తెల్లబారడం పలుచని మిశ్రమానికి, నూనె తడి రింగులు లేదా వాల్వు గైడ్ల అరుగుదలకు సూచన. చోక్‌పై ఎక్కువసేపు నడిపిన తర్వాత తీసిన ప్లగ్ మాత్రం నమ్మదగిన సాక్షి కాదు. ఈ తరగతి నాలుగు ఘాతాల ఇంజన్లలో ప్లగ్ ఖాళీ సాధారణంగా 0.7 నుంచి 0.8 మి.మీ.; తయారీదారు పుస్తకంలోని అంకెకే ప్రాధాన్యం. కొత్త ప్లగ్ ధర తక్కువే గనుక అనుమానం ఉంటే మార్చి చూడటం తప్పుకాదు. ప్లగ్ కొత్తదై ఉండి, ఇంజను వేడెక్కిన తర్వాతే ఆగిపోతూ, ఆగిన వెంటనే పరీక్షిస్తే స్పార్కు కనిపించక, చల్లబడ్డాక తిరిగి వస్తుంటే ఇగ్నిషన్ కాయిల్‌ను అనుమానించాలి. పెట్రోలు ఒలికిన చోట స్పార్కు పరీక్ష చేయరాదు.

వాల్వు ఖాళీని రైతులే కాదు, చాలామంది మెకానిక్కులూ పట్టించుకోరు. వాడుకలో వాల్వు తన ఆసనంలోకి క్రమంగా దిగి ఈ ఖాళీ తగ్గుతుంది. చివరికి వాల్వు పూర్తిగా మూసుకోదు. సుమారు 200 ఘనపు సెంటీమీటర్ల ఇంజన్లలో చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్‌కు 0.15, ఎగ్జాస్టుకు 0.20 మి.మీ. ఖాళీ సాధారణ ప్రమాణం. ఒక ఫీలర్ గేజ్, పావుగంట సమయం ఉంటే దీనిని సరిచేయవచ్చు. ఇంజను పనైపోయిందని తేల్చడానికి ముందు ఈ పని తప్పక చేసి చూడాలి.

అప్పటికీ ఫలితం లేకపోతే సంపీడనాన్ని పరీక్షించాలి. స్టార్టింగ్ తేలికగా ఉండటానికి చాలా ఇంజన్లలో సంపీడనాన్ని తాత్కాలికంగా తగ్గించే ఏర్పాటు ఉంటుంది కాబట్టి తాడు లాగినప్పటి పట్టును బట్టి మాత్రమే నిర్ణయానికి రాకూడదు. ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి, నాలుగైదుసార్లు తాడు లాగి, ప్లగ్ అమర్చి మళ్లీ చూడాలి. పట్టు పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వుల వద్ద లీకు ఉంది. ఇక్కడి నుంచి పని మెకానిక్కుది. మరమ్మతుకు అయ్యే మొత్తం యంత్రం ప్రస్తుత విలువలో సగానికి చేరుతుంటే, ఆ సీజనుకు అద్దె యంత్రంతో పని ముగించి తర్వాత నిర్ణయించుకోమని రైతుకు చెప్పడమే న్యాయం.

రెండు ఘాతాల ఇంజన్లు, డీజిల్ ఇంజన్లు

వీపున మోసే పవర్ స్ప్రేయర్లు, బ్రష్ కట్టర్లలోని రెండు ఘాతాల ఇంజన్లకు పై క్రమమే వర్తిస్తుంది. వాటిలో వాల్వులు ఉండవు. డయాఫ్రమ్ కార్బ్యురేటరు, క్రాంక్ సీళ్లు ఉంటాయి. గట్టిపడిన డయాఫ్రమ్, చిట్లిన సీలు రెండూ ఐడ్లింగ్‌ను ముందుగా దెబ్బతీస్తాయి. ఆయిల్ మిశ్రమాన్ని కంటి అంచనాతో కలపడం ఇక్కడ పెద్ద దోషం. 25:1 అంటే లీటరుకు 40 మి.లీ., 50:1 అంటే 20 మి.లీ. అధికంగా కలిపితే మఫ్లరులోని జాలీ మసితో మూసుకుపోయి ఇంజనుకు ఊపిరాడదు. స్ప్రేయరులో ఇంజను ఆగి ఆగి నడిస్తే సాలు పొడవునా మందు మోతాదు ఒకేలా పడదు. ఆ చేలో పురుగు చావకపోతే రైతు నిందించేది మందును.

పవర్ టిల్లరు డీజిల్ ఇంజనులో స్పార్కు, కార్బ్యురేటరు లేవు గనుక కారణాల జాబితా చిన్నది: ఇంధన మార్గంలో గాలి, మూసుకున్న ఫిల్టరు, గవర్నరు స్ప్రింగు, సంపీడన లోపం. బ్లీడింగ్ స్క్రూ వదులు చేసినప్పుడు బుడగలు వస్తే గాలి ఉన్నట్లే. బుడగలు ఆగేవరకు డీజిల్‌ను వదిలి స్క్రూ బిగించాలి. బుడగలు మళ్లీ మళ్లీ వస్తుంటే గొట్టపు అతుకులను చూడాలి.

విస్తరణలో దీని స్థానం

2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకం తర్వాత రాయితీపై చిన్న యంత్రాలు గ్రామాలకు విరివిగా చేరాయి. యంత్రం కొనడం గురించి రైతు సదస్సులలో చెప్పినంత వివరంగా దాని నిర్వహణ గురించి చెప్పడం లేదు. ట్రాక్టరుకు మండల కేంద్రంలో సర్వీసు దొరుకుతుంది, వీడరుకు దొరకదు. మోటారు సైకిల్ మెకానిక్కే దానికి దిక్కు. కృషి విజ్ఞాన కేంద్రాలలో నిర్వహించే శిక్షణలలో ఆ మెకానిక్కులను కూడా కూర్చోబెట్టడం లాభదాయకం. అనంతపురం జిల్లా గార్లదిన్నె వద్ద ఉన్న దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ యంత్రాల నిర్వహణలో శిక్షణలు ఇస్తుంది. యువతను అక్కడికి పంపవచ్చు. క్షేత్ర ప్రదర్శనకు ప్లగ్ పానా, ఫీలర్ గేజ్, గాజు సీసా, నీళ్ల స్ప్రే, ఒక కొత్త ప్లగ్, రాగి తీగ పోగు ఉంటే చాలు.

లోపం సవరించిన తర్వాత చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంటుంది. అంతకు ముందు ఎవరో బిగించిన ఐడ్లింగ్ స్క్రూను వెనక్కి తిప్పి, ఇంజను వేడిగా ఉండగా తయారీదారు చెప్పిన వేగానికి తేవాలి. ఈ తరగతి నాలుగు ఘాతాల ఇంజన్లలో అది నిమిషానికి సుమారు 1,400 చుట్లు ఉంటుంది. వేగమాపకం లేనిచోట, యంత్రాన్ని దిమ్మెపై నిలిపి, ఎక్సలరేటరు పూర్తిగా వదిలి, దూరం నుంచి బ్లేడ్లను గమనించాలి. అవి కదలకూడదు. సీజను ముగిశాక పెట్రోలు కాక్ మూసి, ఇంజను దానంతట అది ఆగేవరకు నడిపి, ట్యాంకులోనూ గిన్నెలోనూ మిగిలిన పెట్రోలును తీసివేసి యంత్రాన్ని భద్రపరచాలి.